కట్టకు అవతలివైపు ఇళ్లు

మా పెద్దమ్మ ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. కూరగాయలమ్మే మనిషి నవ్వుతూ పలకరిస్తే ఆవిడ చూపు తక్కెడ మీదికి పోయేది. డాక్టరు "ఏం లేదమ్మా, తగ్గిపోతుంది" అంటే, బయటికొచ్చాక "ఏం లేనిదానికి ఇన్ని మందులెందుకు రాసినట్టు?" అనేది. ఎవరైనా ఫోన్ చేసి "ఊరికే చేశాను" అన్నారంటే ఆ రోజంతా ఆవిడకు స్థిమితం ఉండేది కాదు. ఊరికే ఎవరు చేస్తారు?

"మా ఇద్దరికీ కలిపి దేవుడు ఒకే అనుమానం ఇచ్చాడమ్మా. అదీ మొత్తం మీ పెద్దమ్మే లాగేసుకుంది" అనేవాడు పెదనాన్న. ఆయన ఎవరేం చెప్పినా తలూపే మనిషి.

వాళ్లిద్దరిదీ పడవల పని. ఊరి చివర ఒక వాగుకు అడ్డంగా చిన్న మట్టికట్ట వేసి నీళ్లు నిలిపారు. పొలాల కోసం కాదు, కరెంటు కోసమూ కాదు. సెలవు రోజుల్లో జనం వచ్చి సరదాగా గడపడానికే కట్టిన ఆనకట్ట అది. ఈ ఒడ్డున రేకుల షెడ్డు వేసుకుని పెద్దమ్మ పడవలు అద్దెకిచ్చేది. కొన్ని కాళ్లతో తొక్కేవి, కొన్ని తెడ్లు వేసేవి. పెదనాన్న వాటి గొలుసులు బిగించడం, అడుగున చిల్లులు పూడ్చడం చూసుకునేవాడు. ఆ ఒడ్డున డేరాలు, సైకిళ్లు అద్దెకిచ్చే మనిషి ఉండేవాడు. అందరూ ఆయన్ని డేరాలాయన అనేవారు. చెట్ల మధ్య నుంచి చెరువు చుట్టూ నడకదారి, గట్టున గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లు, కట్ట మీద షికారుకు వచ్చేవాళ్లు. ఆదివారమైతే కాలు పెట్టే సందుండేది కాదు.

అనుమానం ఆవిడ పనికి బాగా పనికొచ్చింది. "లైఫ్ జాకెట్ బిగించుకున్నామండీ" అని ఎంతమంది చెప్పినా, ఒక్కొక్కరి పట్టీ తానే లాగి చూసేది. గాలి కాస్త తిరిగితే పడవ విప్పేది కాదు. మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని, ఏ పడవలో ఎవరు లేచి నిలబడుతున్నారో కనిపెట్టి ఇక్కణ్ణుంచే ఈల వేసేది. ఆవిడ పడవెక్కిన మనిషి ఒక్కడూ నీళ్లపాలు కాలేదు.

కట్ట మొదట్లో, బళ్లు ఆపుకునే చోట, ఆనకట్టల శాఖవాళ్లు పాతిన బోర్డు ఉండేది. కట్ట ఎత్తు, పొడవు రాసి, కింద రెండు వరుసలు వేశారు. ప్రమాద స్థాయి: తక్కువ. కట్ట స్థితి: సంతృప్తికరం. ఏళ్ల తరబడి దాన్ని చదివినవాళ్లు ఎవరూ లేరు. వేసవి సెలవులు దగ్గర పడుతుండగా ఇద్దరు మనుషులు వచ్చి పాత రేకు విప్పేసి కొత్త రేకు బిగించి వెళ్లారు. అందులో ప్రమాద స్థాయి ఎక్కువ అని ఉంది. కట్ట స్థితి మాత్రం సంతృప్తికరమే.

పెద్దమ్మ దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ప్రమాదం ఎక్కువట. పైగా సంతృప్తట. ఎవరికండీ ఈ సంతృప్తి?"

"అచ్చుతప్పేమోలే" అన్నాడు పెదనాన్న.

"మీకన్నీ అచ్చుతప్పులే. తప్పు పడితే మన నెత్తినే ఎందుకు పడుతుంది?"

నేనప్పుడు మందుల షాపులో పనిచేస్తూ ఉండేదాన్ని. సెలవునాడు పెద్దమ్మ దగ్గరికి వెళ్లి కూర్చోవడం అలవాటు. ఆ నెలలో నా కళ్లతో చూశాను, కుటుంబాలకు కుటుంబాలు బండి దిగి, బోర్డు చదివి, పిల్లల్ని మళ్లీ బండెక్కించి వెనక్కి తిప్పుకుపోయేవి. పడవలు ఒడ్డున ఒకదానికొకటి రాసుకుంటూ ఊగుతూ ఉండేవి.

పెద్దమ్మకు దీని వెనక ఎవరో ఉన్నారన్నది ఖాయమైపోయింది. ఎవరన్నదీ త్వరలోనే ఖాయమైంది. బోర్డు మారడానికి ముందు ఆనకట్ట చూడటానికి వచ్చిన ఇంజనీరమ్మకు డేరాలాయన కుర్చీ వేసి టీ ఇచ్చాడు. అది పెద్దమ్మ బైనాక్యులర్స్‌లో చూసింది. తర్వాత ఒక తెల్లకారు మనిషి డేరాల దగ్గరికి రావడమూ చూసింది.

"జనాన్ని బెదరగొట్టి నన్ను లేపేస్తారు. అప్పుడు రెండు ఒడ్లూ వాడివే" అంది నాతో.

"ఆయన డేరాలు కూడా ఖాళీగానే ఉన్నాయి కదా పెద్దమ్మా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. నష్టపోతూ కూడా ఏడవడం లేదంటే ఎక్కడో లాభం ఉందన్నమాటే."

ఇంజనీరమ్మ మళ్లీ వచ్చినప్పుడు పెద్దమ్మ భుజాన తెడ్డుతో ఆవిడ వెంటే నడిచింది. ఇంజనీరమ్మ రబ్బరు బూట్లు వేసుకుని, కట్ట కింద అంచున వంగి వంగి ఊట నీటిని చూసుకుంటోంది.

"మేడమ్, కట్టకేమన్నా అయిందా?"

"ఏం కాలేదమ్మా. కట్ట బానే ఉంది."

"బాగుంటే ప్రమాదం ఎక్కువని ఎందుకు రాశారు?"

"అది వేరు, ఇది వేరు. ఓసారి తీరిగ్గా ఆఫీసుకు రండి, కూర్చుని చెప్తాను." ఇంతలో ఫోన్ మోగింది. ఇంజనీరమ్మ మాట్లాడుతూ జీపెక్కి వెళ్లిపోయింది.

"ఆఫీసుకు రమ్మందంటే ఇక్కడ చెప్పలేని మాటేదో ఉన్నట్టే" అని తేల్చింది పెద్దమ్మ. ఆఫీసుకు మాత్రం వెళ్లలేదు. వెళ్తే ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారోనని భయం. దానికి బదులు నేరుగా అవతలి ఒడ్డుకు పడవ వేసుకుని వెళ్లింది. నేనూ ఎక్కాను.

డేరాలాయన సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. "రండక్కా, టీ తాగుతారా?" అన్నాడు.

"ఇంజనీరమ్మకి టీ ఇచ్చి నువ్వేం పుచ్చుకున్నావు తమ్ముడూ?"

పంపు మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు. "ఏముంటుందక్కా. ఎండలో వచ్చింది కదా అని ఇచ్చాను" అన్నాడు, చక్రం వైపే చూస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ తెడ్డు వెయ్యడం కూడా మర్చిపోయింది. "చూశావా వాడి మొహం?" అంది. నాకూ ఆ మొహం నచ్చలేదు.

తర్వాత కొన్నాళ్లకే, పట్టపగలు, సామాన్ల బండి ఒకటి కట్ట కింది కాలనీ నుంచి బయల్దేరి కొండ వీధి వైపు పోవడం పెద్దమ్మ కంట పడింది. బండి మీద బీరువా, పరుపులు, వాటి మధ్య కుర్చీలో డేరాలాయన తల్లి. మా ఇల్లూ ఆ కాలనీలోనే. సాయంత్రానికల్లా పెద్దమ్మ మా వంటింట్లో ఉంది.

"డేరాలాయన ఇల్లు మారాడట. ఎందుకో తెలుసా?" అని మా అమ్మను అడిగింది.

"వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులట అక్కా. ఇక్కడ చెమ్మ ఎక్కువని డాక్టరు చెప్పాడట."

"మోకాళ్ల నొప్పులున్న ముసలావిణ్ణి కొండ వీధికి తీసుకెళ్లాడా? అక్కడ గుమ్మం దాటితే మెట్లేగా?"

అమ్మ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "ఏమో, వాళ్ల గొడవ మనకెందుకు?" అని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

పెద్దమ్మ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇద్దరం కట్ట ఎక్కాం. కట్ట మీద బెంచీలన్నీ నీళ్ల వైపే ఉంటాయి. కూర్చున్నవాళ్లు పడవల్ని, కొంగల్ని చూసుకుని లేచిపోతారు. ఆవిడ కూడా జీవితమంతా ఆ వైపే చూసింది. ఆరోజు మాత్రం మధ్యలో ఆగి, నీళ్లకు వీపు పెట్టి నిలబడింది.

కింద కప్పులు. ఒకదాని పక్కన ఒకటి, వాగు పాత దారి పొడవునా, డాబాలు, రేకులు, నీళ్ల ట్యాంకులు. మా డాబా మీద అమ్మ పొద్దున ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగుతున్నాయి. చెరువులో నీటిమట్టం ఆ దుప్పట్ల కన్నా చాలా పైనుంది.

"వాడికి తెలుసు. అందుకే తల్లిని తీసుకుపోయాడు" అంది పెద్దమ్మ. బెంచీ ఉందన్న సంగతి కూడా చూసుకోకుండా నేల మీదే కూలబడింది.

మా ఇంటి స్థలం మాకు చూపించింది ఆవిడే. పత్రాలు ఇద్దరు లాయర్లకు చూపించింది. మట్టి తవ్వించి చూసింది. బావి నీళ్లు తాగి చూసింది. చుట్టుపక్కల ఎలాంటివాళ్లుంటారో తెలుసుకోవడానికి ఒక మధ్యాహ్నమంతా ఆ వీధిలో గొడుగు వేసుకుని కూర్చుంది. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి ఆ కట్టను ఒక్కదాన్ని అనుమానించలేదు. ఇన్నేళ్లూ అన్నం పెట్టిన కట్ట మరి.

మర్నాడు ఇద్దరం ఆనకట్టల ఆఫీసుకు వెళ్లాం. ఇంజనీరమ్మ బల్ల మీది ఫైళ్లు పక్కకు జరిపి మాకు చోటిచ్చింది.

"ప్రమాద స్థాయి అంటే కట్ట ఎంత గట్టిగా ఉందన్నది కాదమ్మా" అంది. "ఎప్పుడైనా తెగితే కింద ఎవరికి ఏమవుతుందన్నది. ఆ కట్ట వేసినప్పుడు కింద ముళ్లపొదలే ఉన్నాయి. తెగినా నష్టపోయేవాళ్లు లేరు. అందుకని తక్కువన్నారు. ఎక్కువ నీళ్లు పక్కకు పోయే అలుగు కూడా చిన్నదే పెట్టారు. ఇప్పుడు కింద మనుషులున్నారు. కట్ట అదే, మారింది కింద."

"అంటే మా వల్లే బోర్డు మారిందా?"

"మీ ఇళ్ల వల్ల."

"అక్కడ ఇళ్లు కట్టుకోమని ఎవరిచ్చారు మేడమ్ అనుమతి?"

"అది మా శాఖ కాదు." పెద్దమ్మ చూపు చూసి ఇంజనీరమ్మ గొంతు తగ్గించింది. "ఈ మాట మీకు నచ్చదని తెలుసు. నాకూ నచ్చదు. అలుగు వెడల్పు చెయ్యాలని రాశాను. కిందివాళ్లు గట్టిగా అడిగితే పని త్వరగా కదులుతుంది."

"డేరాలాయనకు ఇదంతా చెప్పారా?"

"ఆయన అడిగారు, చెప్పాను. మిమ్మల్నీ రమ్మన్నాను కదా."



డేరాలాయన కాలనీలోని తన ఇల్లు అమ్మకానికి పెట్టాడని ఆ సాయంత్రమే తెలిసింది. తెల్లకారు మనిషి ఇళ్ల బ్రోకరు. కొనబోయేది కొత్తగా కాపురం పెట్టిన ఒక బస్సు కండక్టరు, అతని భార్య. పెద్దమ్మ డేరాలాయన్ని సైకిళ్ల షెడ్డులోనే పట్టుకుంది.

"కొనేవాళ్లకి చెప్పావా?"

"బోర్డు అక్కడే ఉందిగా అక్కా. ఎవరైనా చదువుకోవచ్చు."

"చదివితే తెలుస్తుందా? నాకు తెలిసిందా?"

ఆయన నవ్వడం మానేశాడు. నవ్వు లేకుండా ఆ మొహం చూడటం నాకదే మొదటిసారి. చాలా అలిసిపోయి ఉంది. "నాకున్నది ఆ ఇల్లొక్కటే. మబ్బు పట్టిందంటే అమ్మను అక్కడుంచి నాకు నిద్ర పట్టేది కాదు. అది అమ్ముడుపోకపోతే పైన అద్దె ఎక్కణ్ణుంచి తేను?"

"నీకు నిద్ర పట్టని ఇంట్లో వాళ్లెలా పడుకుంటారు?"

పెద్దమ్మ బస్సు డిపోకు వెళ్లి ఆ కండక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. బేరం ఆగిపోయింది.

ఇక కాలనీ అంతా పెద్దమ్మ మీద విరుచుకుపడింది. పడవలు ఆడటం లేదని కడుపుమంటతో మా కొంపలు ముంచుతోందన్నారు. శాఖవాళ్ల దగ్గర ఏదో తీసుకుందన్నారు. మమ్మల్ని ఖాళీ చేయించి ఇక్కడ హోటల్ కడతారట, ఈవిడే మధ్యవర్తి అని ఒకాయన నా మొహం మీదే చెప్పాడు. ఇంటింటికీ వెళ్తే తలుపు సగమే తెరిచేవారు.

మా ఇంట్లోనూ అంతే. "వదినా, ఈ మాట ఇంతటితో ఆపండి. రేపు ఈ ఇంటిని పిలిచి ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు" అన్నాడు నాన్న.

అమ్మ ఇంకా సూటిగా అంది. "ఈ స్థలం చూపించింది నువ్వే కదక్కా."

"నేనే చూపించాను. అందుకే చెప్తున్నాను."

అమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చాలా వారాలు అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ఒకరోజు షెడ్డులో పెద్దమ్మను అడిగాను, ఇంతమంది ఇన్ని మాటలంటుంటే బాధగా లేదా అని. ఆవిడ పడవ అడుగున రంగు గీకుతోంది. "వాళ్లది తప్పు కాదే. వాళ్ల స్థానంలో ఉంటే నేనైనా నన్ను నమ్మను" అంది.

నమ్మించే ప్రయత్నం మానేసి ఆవిడ ఇంకో పని చేసింది. పెదనాన్న చేత కట్ట మీద బెంచీల బోల్టులు విప్పించి, కొన్నింటిని కాలనీ వైపు తిప్పి బిగించింది. పెదనాన్న మొదటిసారి ఎదురు ప్రశ్న వేశాడు, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని. "అచ్చుతప్పని చెప్పండి" అంది. సాయంత్రాలు నడకకు వచ్చిన కాలనీవాళ్లు తిట్టుకుంటూనే వాటి మీద కూర్చునేవారు. ఎదురుగా వాళ్ల కప్పులే, వీపుకు అంత దగ్గరలో నీళ్లు. కొందరు వెంటనే లేచిపోయేవారు. కొందరు చాలాసేపు కూర్చునేవారు. ఒకరోజు మా నాన్న అలా కూర్చుని ఉండటం చూసి నేను పలకరించకుండా దాటిపోయాను.

లైబ్రరీ హాల్లో మీటింగు పెట్టమని అడిగింది చివరికి కాలనీవాళ్లే. ఇంజనీరమ్మ వచ్చి అంతా చెప్పింది. అలుగు వెడల్పు చేసేదాకా చెరువులో నీళ్లు బాగా తగ్గించి ఉంచాలంది. సైరన్ పెట్టాలి, అది మోగితే అందరూ నడకదారిన పైకి, డేరాల ఒడ్డుకు ఎక్కాలి, అప్పుడప్పుడూ దానికి రిహార్సల్ చెయ్యాలంది. హోటల్ సంగతి చెప్పిన ఆయన లేచి, "నీళ్లు తగ్గిస్తే ఈ పడవలావిడ ఊరుకుంటుందా?" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. "పడవలు బురదలో పడుకుంటాయి. పడుకోనివ్వండి" అంది పెద్దమ్మ. ఆవిడకు ఇందులో ఒరిగేదేమీ లేదని అప్పటికి గానీ జనానికి ఎక్కలేదు.

ఆ ఏడు చెరువు సగానికి పైగా ఎండి పెచ్చులు కట్టింది. పడవలు పక్కకు ఒరిగిపోయి ఉండేవి. పెదనాన్న పొట్టకూటికి పోయి డేరాలాయన దగ్గరే సైకిళ్లు బాగుచేశాడు. ఆయన మనసులో ఎవరి మీదా ఏమీ ఉండదు కాబట్టి అది ఆయనకు వింతగా అనిపించలేదు. పెద్దమ్మ మాత్రం "జాగ్రత్త, వాడిచ్చే టీ చూసి తాగండి" అనేది.

వానలు మొదలై, అలుగు పని ఇంకా సగంలో ఉండగానే, ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లగా దిగిపోయి కుండపోత పట్టుకుంది. వాగు పైనుంచి ఎర్రగా పొర్లుకొచ్చింది. తగ్గించి ఉంచిన చెరువు చూస్తుండగానే నిండిపోయింది. సైరన్ మోగింది. ఎప్పుడూ రిహార్సల్‌కు రాని ముసలివాళ్లతో సహా జనం నడకదారి పట్టారు. నాన్న టీవీ భుజాన వేసుకుని వస్తుంటే అమ్మ దాన్ని దారి పక్కన దింపించి, పక్కింటి పసిబిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

పైకి వచ్చేసరికి డేరాలాయన తన దగ్గరున్న డేరాలన్నీ వేసి ఉంచాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. పెద్దమ్మ తడిసి ముద్దవుతూ ప్రతి డేరా చుట్టూ తిరిగి తాళ్లు లాగి చూసింది. వదులుగా ఉన్నదాన్ని చూపించేది. ఆయన వంగి మేకు దిగ్గొట్టేవాడు.

కొత్త అలుగు తవ్వినంత మేరా నీళ్లు విరుచుకుపడుతూ పక్కకు పోయాయి. కట్ట నిలబడింది. మర్నాడు కిందికి దిగేసరికి పల్లపు వీధిలో ఇళ్లలో మోకాలి లోతు బురద, మిగతావాటికి తడి తప్ప ఏమీ లేదు. పాత అలుగే ఉండి, చెరువు నిండుగా ఉండి ఉంటే ఏమయ్యేదని నాన్న ఇంజనీరమ్మను అడిగాడు. "కట్ట మీదుగా పొర్లేది. మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే ఎక్కువసేపు ఆగదు" అంది ఆవిడ.

ఆ తర్వాతి ఏడు అలుగు పూర్తయింది, చెరువు నిండింది, పడవలు తేలాయి. బోర్డు మీద ప్రమాదం ఇప్పటికీ ఎక్కువే. ఇళ్లున్నంతకాలం అది తగ్గదు. వచ్చినవాళ్లు అడిగితే పెద్దమ్మ విడమరిచి చెప్పేది, సగంమంది నమ్మేవాళ్లు కాదు. డేరాలాయన కింది ఇంటిని సైకిళ్ల కొట్టు చేశాడు. అందులో ఎవరూ పడుకోరు. ఆయనా పెద్దమ్మా ఎదురుపడితే పలకరించుకునేవారు, అంతకు మించి లేదు.

అమ్మానాన్నా ఆ ఇల్లు వదల్లేదు. కానీ ఆ వాన తర్వాత వేసవిలో అమ్మ తనంతట తానే షెడ్డుకు వచ్చి, ఈత నేర్పమని అక్కను అడిగింది. కాలనీ ఆడవాళ్లు మరికొందరు వెంట వచ్చారు. పెద్దమ్మ లోతు లేని చోట తాడు కట్టి, అందరికీ లైఫ్ జాకెట్లు బిగించింది.

"ఇక్కడ లోతెంతుంటుందక్కా?" అంది అమ్మ ఒడ్డునే నిలబడి.

"నడుం దాకా."

"నిజంగానా?"

పెద్దమ్మ చెల్లెలి మొహంలోకి కాసేపు చూసింది. పక్కనున్న తెడ్డు తీసి చేతికిచ్చింది. అమ్మ దాన్ని నీళ్లలో నిలువునా దించి, పైకి తీసి, తడి ఎంతవరకు వచ్చిందో నడుముకు ఆనించి చూసుకుంది. అప్పుడు గానీ కాలు పెట్టలేదు.